చెయ్యి ఎత్తితే చాలదు, ఊపాలి

మా తిరుపతి, చిత్తూరు వైపు అమెరికాలో ఎమ్మెస్ చదివే పిల్లలు వీధికొకరైనా ఉంటారు. సెప్టెంబరు వచ్చిందంటే, శనివారం యూనివర్సిటీ రంగు టీషర్టు వేసుకుని స్టేడియంలో సెల్ఫీ పెడతారు. ఆట అర్థమైందా అంటే మాత్రం, "ఏదో గుద్దుకుంటా ఉండారు అన్నా" అంటారు.

ఆ గుద్దులాటలో నాకు బాగా నచ్చిన రూలు ఒకటుంది. దాని పేరు ఫెయిర్ క్యాచ్.

నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోలేమనుకున్న జట్టు బంతిని ఎత్తుగా అవతలికి తన్నేస్తుంది. దాన్నే పంట్ అంటారు. అవతల ఒకడు ఆకాశంలోకి చూస్తూ నిలబడతాడు. చూపంతా బంతి మీదే కాబట్టి, ఎదురుగా దూసుకొచ్చే మనుషులు వాడికి కనబడరు. పట్టుకున్న మరుక్షణం గుద్దితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే రూలు ఒక దారి ఇచ్చింది. ఒక చెయ్యి తలకంటే పైకెత్తి, అటూ ఇటూ ఒకసారికి మించి ఊపాలి. "పట్టుకుంటా, పరుగెత్తను" అని దాని అర్థం. అలా పట్టుకున్నవాణ్ని పడగొడితే 15 గజాల శిక్ష.

తమాషా అంతా సైగ సరిగ్గా చేయనప్పుడే. చెయ్యి తలదాకా ఎత్తకుండా ఊపినా, రెండు చేతులూ ఊపినా అది చెల్లని సైగ. దాన్ని ఫెయిర్ క్యాచ్ అనరు. పోనీ పరుగెత్తొచ్చా అంటే అదీ కుదరదు, పట్టుకున్నచోటే ఆట ఆగిపోతుంది. ఒకడు ఊపితే జట్టు మొత్తానికీ అదే కట్టుబాటు. ఎండకు కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుంటే మాత్రం పర్వాలేదు, ఊపనంతవరకు. ఇంకో మాట, సరిగ్గా సైగ చేసినా బంతి చేతుల్లోంచి జారి నేలను తాకితే ఆ రక్షణ పోతుంది. ఎవరికి దొరికితే వాళ్లదే.

మన చెడుగుడులోనూ అంతే కదా. కూతకెళ్లేవాడు గీత దాటకముందే "కబడ్డీ కబడ్డీ" మొదలుపెట్టాలి, అంపైరుకు స్పష్టంగా వినబడాలి. నోట్లో గొణుక్కుంటే ఒప్పుకోరు.

సైగతో మోసం చేస్తే? 2021 డిసెంబరులో పిట్స్‌బర్గ్ క్వార్టర్‌బ్యాక్ కెన్నీ పికెట్ అలాంటి పనే చేశాడు. బంతితో పరుగెత్తేవాడు తనంతట తాను కిందికి జారితే ఆట ఆగినట్టే, గుద్దకూడదు. వేక్ ఫారెస్ట్‌తో ఫైనల్లో పికెట్ జారబోతున్నట్టు నటించాడు. ఎదుటివాళ్లు వేగం తగ్గించారు. అతను 58 గజాల పరుగుతో టచ్‌డౌన్ కొట్టేశాడు. ఆ రోజు చెల్లింది. కొద్ది రోజుల్లోనే, అలా నటించినా ఆట అక్కడికి ఆగినట్టేనని కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ తేల్చింది. మంచి పని చేసింది. ఒకడి సైగ అబద్ధమైతే, రేపు నిజంగా జారేవాణ్ని ఎవరు నమ్ముతారు? ఒళ్లు విరిగేది వాడిది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ రూలు మరీ అవసరం. శుక్రవారం సాయంత్రం పైనుంచి కొత్త పని వచ్చి పడుతుంది. చాలామంది "చూస్తాలే సార్" అంటారు. ఇదే ఆ సగం ఎత్తిన చెయ్యి. మేనేజరుకు సరేనన్నట్టు వినిపిస్తుంది, అన్నవాడికేమో కాదన్నట్టు ఉంటుంది. శనివారం విశ్రాంతీ దక్కదు, సోమవారం మంచిపేరూ దక్కదు.

"చేతిలో ఉన్నది పూర్తిచేస్తా సార్, కొత్తది ఈ వారం నావల్ల కాదు" అని తేటగా చెప్పేస్తే అది చెల్లే సైగ. అలా చెప్పాక చేతిలో ఉన్నదాన్ని జారవిడవకూడదు, అంతే. ఇందులో పిరికితనమేమీ లేదు. ఫెయిర్ క్యాచ్ పట్టినవాడి జట్టు దగ్గరే బంతి ఉంటుంది. తర్వాతి ఆటకు మనిషీ మిగిలే ఉంటాడు.