తోడు నిలిచే పెద్దలు కావాలి

పద్దెనిమిదేళ్లు నిండకముందే నేరం చేశారన్న ఆరోపణకు గురైన పిల్లల విచారణను 2015 నాటి బాల న్యాయ చట్టం ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు సభ్యులుగా గల జువెనైల్ జస్టిస్ బోర్డుకు అప్పగించింది. పిల్లవాడి ఇల్లు, చదువు, స్నేహాలను ఆరా తీసి బోర్డుకు నివేదిక ఇచ్చే ప్రొబేషన్ అధికారి పాత్ర ఇందులో కీలకమే అయినా, ఎన్నో కేసులు చూసుకోవలసిన ఒక ఉద్యోగి ప్రతి పిల్లవాడికీ ఆత్మీయుడు కావాలనుకోవడం అత్యాశే. ఆ లోటు తీర్చగలిగేవాడు మార్గదర్శకుడు, అంటే తీర్పు చెప్పడానికి కాక, వాయిదా రోజున పక్కన కూర్చోవడానికి, మానేసిన బడికి వెంట వెళ్లి టీసీ ఇప్పించడానికి, ఓపెన్ స్కూలు దరఖాస్తు దగ్గరుండి నింపించడానికి, ఆ పిల్లవాడు మళ్లీ తప్పటడుగు వేసినా చేయి వదలకుండా ఉండడానికి సిద్ధపడిన పెద్దమనిషి.

పిల్లల పేర్లు, ఫొటోలు బయటపెట్టరాదని చట్టంలోని 74వ సెక్షన్ చెబుతున్నా ఊరి నోటికి ఆ సెక్షన్ తెలియదు. కనుక అసలు పరీక్ష పిల్లవాడు సంరక్షణ గృహం నుంచి ఇంటికి వచ్చాకే మొదలవుతుంది. సంరక్షణ గృహం విడిచిన యువతకు 21 ఏళ్ల వరకు అనంతర సంరక్షణ రూపంలో ఆసరా ఇవ్వవచ్చని 2016 నాటి నమూనా నిబంధనలు చెప్పడం ఇందుకే. రిటైరైన ఉపాధ్యాయులు, ఉద్యోగులు, న్యాయవాదులు తమ జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని సంప్రదించి, కనీసం ఒక్క పిల్లవాడికైనా తోడు నిలవాలని పాఠకులకు ఈ సంచిక విన్నపం.