గచ్చిబౌలి స్టేడియం, మట్టెవాడ బంతి

2024 సెప్టెంబరు 9, సోమవారం. వినాయక చవితి వెళ్లి రెండు రోజులే అయింది. మట్టెవాడలో మైకులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఆ రోజు నేనూ, మా వాడ పోరగాళ్లు నలుగురూ కలిసి బస్సెక్కి హైదరాబాదు పోయినం. ఉప్పల్‌లో దిగి, మెట్రోలో రాయదుర్గం దాకా, అక్కణ్ణుంచి ఆటోలో గచ్చిబౌలి. ఇంటర్‌కాంటినెంటల్ కప్పులో మన దేశం సిరియాతో ఆడే ఆఖరి ఆట చూడాలని కోరిక. చూశాం. 3–0తో ఓడిపోయాం. కప్పు సిరియా వాళ్లు పట్టుకుపోయారు.

ఓడితే ఓడారు, ఆటలో అది మామూలే. నన్ను ఇప్పటికీ వదలని మాట ఒకటుంది. తిరుగు బస్సులో మాలో చిన్నవాడు, ఇంటర్ చదివే పోరడు, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు: "అన్నా, గా గ్రౌండుల మనం ఎప్పుడన్న ఆడుతమా?" "ఎందుకాడం రా" అని నేను తప్పించుకున్నాను. వాడు నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

మిత్రులారా, ఆ స్టేడియం ఎందుకు పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2002 డిసెంబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో జాతీయ క్రీడలు జరిగాయి. వాటి కోసం గచ్చిబౌలి బండల నడుమ ఒక క్రీడా ప్రాంగణమే లేచింది. అదే ఏడు మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టారు. సుమారు 30 వేల మంది కూర్చోగల స్టేడియం. మరుసటి ఏడు ఆఫ్రో–ఆసియా క్రీడలు వచ్చాయి. ఫుట్‌బాల్‌లో మనవాళ్లు ఫైనల్ దాకా వచ్చి ఉజ్బెకిస్తాన్ చేతిలో ఒక్క గోలుతో ఓడారు. క్రీడలు ముగిశాయి, జెండాలు దించారు, స్టేడియం మిగిలింది. దాని పేరే అథ్లెటిక్ స్టేడియం. గ్యాలరీకీ గడ్డికీ మధ్య పరుగుపందాల ట్రాకు అడ్డం. గోలు కొట్టినవాడి మొహం మాకు సరిగా ఆననే లేదు. (టికెట్టు చౌకది లెండి, అదీ ఒక కారణమే.) ఫుట్‌బాల్ అక్కడ అద్దెకున్న ఆట.

కలకత్తా సంగతి వేరు. అక్కడ సాల్ట్‌లేక్ స్టేడియం 1984లో నెహ్రూ కప్పుతో తలుపులు తెరిచింది. అప్పటికి మోహన్ బగాన్ పుట్టి తొంభై అయిదేళ్లు, ఈస్ట్ బెంగాల్ పుట్టి అరవై పైన. ఆట పెరిగి పెరిగి, ఉన్న జాగ చాలక పెద్ద ఇల్లు కట్టుకుంది. మనం ముందు ఇల్లు కట్టి, పిల్లలు ఎప్పుడొస్తారా అని అరుగు మీద కూర్చున్నాం.

మనకు మాత్రం పిల్లలు లేరా? ఒకప్పుడు ఇల్లు నిండా ఉన్నారు! గచ్చిబౌలిలో బండలు తప్ప ఏమీ లేని రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956–57లో, ఆ మరుసటి ఏడు కూడా సంతోష్ ట్రోఫీ హైదరాబాదుదే. ఆ జట్ల వెనుక ఉన్నది ఎస్.ఎ. రహీం అనే ఒక బడిపంతులు. ఆయన శిక్షణలో భారతదేశం 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమా ఆయన కథే. ఆయన పిల్లలకు చిత్రమైన పోటీలు పెట్టేవారు: బలహీనమైన కాలితోనే ఆడాలి, లేదా డ్రిబ్లింగ్ చేయకుండా ఆడాలి. వీటికి గ్యాలరీలు అక్కర్లేదు. చదునైన నేల, ఒక బంతి, రోజూ వచ్చే ఒక మనిషి ఉంటే చాలు. సికింద్రాబాదు అమ్ముగూడ నుంచి రావడానికి డబ్బుల్లేని తులసీదాస్ బలరాం అనే కుర్రవాడికి రహీం సాబ్ సైకిల్ అద్దె ఇచ్చి మరీ పిలిపించుకున్నారు. ఆ కుర్రవాడే ఒలింపిక్స్ ఆడాడు, జకార్తా స్వర్ణ జట్టులో ఉన్నాడు.

మరి స్టేడియం వచ్చాక? 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది, 2021–22లో ఐ.ఎస్.ఎల్. గెలిచింది, ఆ ఫైనల్ కూడా గోవాలోనే. 2025లో ఆ క్లబ్బు కాస్తా ఢిల్లీకి తరలిపోయింది. 2024 డిసెంబరు 31న గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగితే ఆడింది బెంగాలూ కేరళా. పెళ్లి మన ఇంట్లో, పీటల మీద పరాయివాళ్లు.

ఈ మాటే అంటే మా లెక్చరర్ ఒకాయన కాదన్నారు. "పెద్ద స్టేడియం చూస్తేనే కదయ్యా పిల్లవాడికి ఆశ పుట్టేది?" అన్నారు. ఒప్పుకుంటాను. దీపాల వెలుగులో ఆ పచ్చగడ్డిని చూసినప్పుడు మా అయిదుగురికీ నోట మాట రాలేదు. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాకు వేస్తే 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలే మన ఊరికి నడిచొచ్చాయి. కట్టడాలు వద్దనే మూర్ఖుణ్ణి కాను. కాని ఆశ పుట్టిన పిల్లవాడు తెల్లారి లేచి ఎక్కడికి పోవాలి? మేం చిన్నప్పుడు ఆడిన ఖాళీ జాగలో ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. గల్లీలో ఆడితే బంతి మోరీలో పడుతుంది, లేకుంటే ఎవరింటి కిటికీకో తగిలి ఆ ఇంటి పెద్దమ్మ తిట్లు.

మన కళాశాల మైదానం మాత్రం సాయంత్రం అయిదింటికి తాళం వేసుకుంటుంది. ఒక గోలుపోస్టుకు అడ్డకర్ర లేదు. రెండోదానికి నిలువు కర్రే ఒకటి లేదు. సావనీర్ చదివే ప్రిన్సిపాల్ గారికీ, పి.డి. సార్‌కూ నా మనవి ఒక్కటే: పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా గేటు తెరిచి పెట్టించండి, విద్యార్థులకే కాదు, చుట్టుపక్కల వాడల పిల్లలకు కూడా. పూర్వ విద్యార్థులు ఏటా వార్షికోత్సవానికి శాలువాలు తెస్తారు. ఈసారి రెండు వలలు, అరడజను బంతులు తెస్తే శాలువా మేమే కప్పుతాం. మన యూనియన్ వాళ్లు ఎన్నికలప్పుడు ఈ వాగ్దానం చేసిన సంగతి కూడా నాకు గుర్తుంది.

గోలుపోస్టుల సంగతి మా వాడ వడ్ల కాకతో మాట్లాడాను. "కూలి వద్దు బిడ్డా, చెక్కిస్త" అన్నాడు. కర్ర మాత్రం మనమే తెచ్చియ్యాలట.