డైట్ చార్టు ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సంచాలకులకు,



నేను గృహవిజ్ఞానం బోధించి రిటైరైన అధ్యాపకురాలిని. మీ సంస్థకు ఒకప్పుడు సారథ్యం వహించిన డాక్టర్ సి. గోపాలన్ బృందం తయారుచేసిన పోషక విలువల పట్టికలు ముందు పెట్టుకునే పాఠాలు చెప్పాను. 2024 మే నెలలో మీరు విడుదల చేసిన 17 ఆహార మార్గదర్శకాలూ చదివాను. ఏం తినాలి, ఎంత తినాలి అన్న విషయంలో ఈ దేశానికి మీ మాటే ప్రమాణం. అందుకే ఈ ఉత్తరం ఆరోగ్య మంత్రికి కాకుండా మీకు రాస్తున్నాను. తినడం మొదలుపెడితే ఆపుకోలేక నలిగిపోతున్న మనుషుల గురించి మీరు మాట్లాడాలి.

పండగపూట నాలుగు బూరెలు ఎక్కువ తినడం గురించి కాదు నేను చెప్పేది. ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి, గిన్నెలో మిగిలిన అన్నం, పెరుగు, డబ్బాలో జంతికలు, బిస్కెట్లు, ఏది చేతికందితే అది, ఆకలి లేకపోయినా గబగబా, కడుపు నొప్పి పుట్టేదాకా తినడం. ఆపాలనుకున్నా ఆగకపోవడం. ఆ తర్వాత తన మీద తనకే అసహ్యం. ఖాళీ పొట్లాలు ఎవరి కంటా పడకుండా పారేయడం. తిన్నది కక్కేయడం లాంటివి ఇందులో ఉండవు, అది వేరే జబ్బు. ఇలా కనీసం వారానికోసారి, మూడు నెలలపాటు జరుగుతుంటే వైద్యులు బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ మనోవైద్యుడు 1959లోనే ఈ తీరును వర్ణించారు. అయినా అక్కడి మనోవైద్యుల జాబితాలో విడి జబ్బుగా చోటు దక్కింది 2013లోనే. మన ఇళ్లలో ఇది ఇప్పటికీ తిండియావ కిందే జమ.

వీళ్లలో చాలామంది సాయం కోసం ముందు వెళ్లేది డైటీషియన్ దగ్గరకే. లావు తగ్గాలని వెళ్తారు, సిగ్గుతో రాత్రి సంగతి చెప్పరు. అడిగేవాళ్లూ తక్కువే. 1200 కేలరీల చార్టు చేతికొస్తుంది. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి అలాంటి చార్టును తు.చ. తప్పకుండా పాటించేది, గురువారం దాకా. శుక్రవారం రాత్రి కట్ట తెగేది. ఆ పశ్చాత్తాపంతో శనివారం ఒక్కపొద్దు ఉండేది. ఇంట్లోవాళ్లు భక్తి అనుకున్నారు. ఆదివారం రాత్రి మళ్లీ అదే. నెల తిరిగేసరికి బరువు పెరిగిందని చీవాట్లు, ఇంకా బిగించిన చార్టు. పట్టుదల లేని పిల్ల అన్నారు. వారంలో అన్నేసి రోజులు కడుపు మాడ్చుకున్న పట్టుదల ఎవరికీ కనబడలేదు.

కడుపు మాడితే తిండి ధ్యాస ఎంత పెరుగుతుందో మీకు తెలియనిది కాదు. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు ఆర్నెల్లపాటు రోజుకు సుమారు 1570 కేలరీలే ఇచ్చారు. ఒంటికీ మనసుకూ ఏ లోపమూ లేదని పరీక్షించి ఎంచుకున్నవాళ్లు వాళ్లు. అలాంటివాళ్లు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. మళ్లీ ఇష్టమైనంత తినొచ్చన్నాక, కొందరు పొట్ట పట్టనంత తిని కూడా ఆకలి తీరలేదన్నారు. వాళ్లు మగవాళ్లు, వారానికి 35 కిలోమీటర్లు నడిచినవాళ్లు. వాళ్ల లెక్కను మన ఆడపిల్లలకు యథాతథంగా వర్తింపజేయలేం. కానీ అక్కడ అర్ధాకలిగా లెక్కగట్టిన దానికంటే తక్కువ తిండిని, అప్పటికే తిండితో పెనుగులాడుతున్న పిల్ల చేతిలో పెట్టి పంపడం నాకు భయం కలిగిస్తుంది.

అందరికీ ఇది డైటింగ్‌తోనే మొదలవదు. కొందరికి డైటింగ్ మాటే తెలియనప్పుడే మొదలవుతుంది. ఒళ్లు చూసి చుట్టాలు చేసిన వెక్కిరింత, చెప్పుకునే దిక్కులేని దుఃఖం, ఇంట్లో గొడవలు దాని వెనక ఉంటాయి. తిండిని సరిదిద్దితే సగం పనే అయ్యేది అందుకే. మిగతా సగానికి థెరపీ కావాలి.

ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫేర్‌బర్న్ ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో తొలి మెట్టు తిండి తగ్గించడం కాదు, వేళకు తినడం. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు చిరుతిళ్లు, మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకపోవడం. తిన్న వెంటనే ఏం తిన్నారో, ఎక్కడ తిన్నారో, అప్పుడు మనసులో ఏముందో రాసుకోవాలి. కేలరీలు రాయక్కర్లేదు. రాత్రి ఎంత తిన్నా మర్నాడు టిఫిన్ మానకూడదు. అన్నిటికంటే కష్టమైన నియమం ఇదే. రోగికి ఇది శిక్ష తప్పించుకున్నట్టు అనిపిస్తుంది. అలా అనిపించడం గురించే థెరపిస్టుతో మాట్లాడాలి. వేళకు తినడం అలవాటయ్యాక, భయపడి దూరం పెట్టిన మైసూర్‌పాక్ లాంటివి కొద్దికొద్దిగా, నలుగురి మధ్య కూర్చుని తినడం నేర్పుతారు. ఏ ముక్క ఎప్పుడు, ఎంత అన్నది పోషకాహార నిపుణులు చూసుకోవాలి. తిన్నాక వచ్చే గుబులు థెరపిస్టు చూసుకోవాలి. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ 2017లో ఈ జబ్బుకు ఇచ్చిన సూచనల్లో, ఈ థెరపీనే మార్గదర్శకుల సాయంతో స్వయంగా పాటించే పద్ధతి మొదటిది. అది పనిచేయకపోతే వారానికొకటి చొప్పున 16 బృంద థెరపీ సమావేశాలు. మందు ఒక్కటే చికిత్సగా వద్దన్నారు. ఈ థెరపీ లక్ష్యం బరువు తగ్గించడం కాదని రోగికి ముందే చెప్పమన్నారు. మన దగ్గర ఈ మాట రోగితో పాటు ఇంట్లోవాళ్లకూ చెప్పాలి. ఎన్ని కిలోలు తగ్గావని రోజూ అడిగేది వాళ్లే కదా.

ఊరంతా షుగరుతో బాధపడుతుంటే బరువు మాట పక్కన పెట్టమంటారా అని మీ శాస్త్రవేత్తలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మధుమేహం ఉన్నవాళ్ల విషయంలో వాళ్ల డాక్టరును కలుపుకోకుండా ఏమీ చేయకూడదు. నేను అడిగేది వరుస మార్చమని మాత్రమే. రాత్రిళ్లు అదుపు తప్పే తిండి కుదుటపడకుండా షుగరును నిలకడగా ఉంచడం కష్టం. బరువు మెల్లగా తగ్గాలనీ, తీవ్రమైన పద్ధతులు వద్దనీ మీ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

ఆ మార్గదర్శకాల పుస్తకం తర్వాతి కూర్పులో ఈ జబ్బుకు ఒక అధ్యాయం ఇవ్వండి. మీ దగ్గర శిక్షణ పొందేవాళ్లకు, చార్టు రాసే ముందు ‘తినడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయిన సందర్భాలు ఉన్నాయా?’ అని మెత్తగా అడగడం నేర్పండి. ఆహార సర్వేల్లోనూ ఈ ప్రశ్న చేర్చండి. గడిచిన 24 గంటల్లో ఏం తిన్నారని ఇంటిల్లిపాది ముందు అడిగితే దాచుకున్న తిండి లెక్కలోకి రాదు కాబట్టి ఈ ప్రశ్న విడిగా, ఏకాంతంగా అడగాలి. 2022 అక్టోబరు నుంచి మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరు పనిచేస్తోంది, దాని వెనక బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఉంది. వాళ్లూ మీరూ కూర్చుని, ఆ ఫోన్ ఎత్తేవాళ్లకూ డైటీషియన్లకూ పనికొచ్చే ఒకే కరదీపిక తయారుచేయండి. తెలుగులో, ఉర్దూలో కూడా తెండి.

తెలుగు ప్రతిని మామూలు గృహిణికి అర్థమయ్యేలా రాసిపెట్టే పని నాకప్పగిస్తే ప్రతిఫలం లేకుండా చేస్తాను. పాత విద్యార్థినుల్లో ఇద్దరు ముగ్గురు డైటీషియన్లు ఉన్నారు, వాళ్లనూ వెంట తెస్తాను. ఎప్పుడు రమ్మంటారో తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత గృహవిజ్ఞాన అధ్యాపకురాలు