ప్రవచనమా? ముందు ఎవరికి రాశారో చూడండి

2021 ఏప్రిల్‌లో మాట. ఇంటినుంచే పని కాబట్టి చెన్నై వదిలి తడలోనే ఉన్నాను. 45 దాటినవాళ్ళకి కరోనా టీకా వేస్తున్నారు. పెద్దమ్మని రమ్మంటే ససేమిరా అంది. "వద్దబ్బయా, అది మృగం ముద్రంట. ఫోన్లో ప్రసంగం వచ్చింది. 666 అదేనంట!"

పెద్దమ్మకి షుగరుంది. నాకు కోపంకన్నా భయం ఎక్కువేసింది.

ఈ 666 నాకు కొత్త కాదు. ఒకప్పుడు సబ్బుల మీది బార్‌కోడ్ అన్నారు, తర్వాత క్రెడిట్ కార్డు, ఆ తర్వాత ఆధార్. లాగ్ ఫైల్లో మధ్యలోంచి ఒక్క లైను పట్టుకుని బగ్ దొరికిందని చెబితే మా టీంలో ఎవరైనా నమ్ముతారా? ప్రవచనాల్ని మాత్రం అలాగే చదువుతున్నాం. నా మటుకు నేను నాలుగు విషయాలు చూసుకుంటాను.

ఒకటి, ఎవరికి రాశారు? ప్రకటన గ్రంథం ఏడు సంఘాలకి రాసింది. ఆ ఊళ్ళు ఇప్పటి టర్కీలో ఉన్నాయి. రోమా పాలన కింద నలిగినవాళ్ళకి అస్సలు అర్థంకాని సంగతి రాస్తారా? నీరో చక్రవర్తి పేరుని హీబ్రూ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుందని చాలామంది పండితులంటారు.

రెండు, ముందూ వెనకా చదవాలి. 13వ అధ్యాయంలో ముద్రతోపాటు మృగానికి మొక్కడం కూడా ఉంది. 14 మొదట్లోనే నొసట దేవుని పేరున్నవాళ్ళు కనిపిస్తారు. దాన్నెవరూ పచ్చబొట్టు అనుకోరు కదా, మరి ముద్ర ఒక్కటే సూది ఎలా అవుతుంది?

మూడు, గుర్తులకి అర్థం పేపర్లో కాదు, ముందు ఆ పుస్తకంలోనే వెతకాలి. దానియేలు 8లో పొట్టేలంటే మాదీయుల, పారసీకుల రాజులనీ, మేకపోతంటే గ్రీకు రాజనీ ఆ అధ్యాయమే చెప్పేస్తుంది.

నాలుగు, ప్రవచనం పంచాంగం కాదు. నీనెవెకి నలభై రోజులే గడువని యోనా చెప్పాడు. జనం మారారు, ఊరు మిగిలింది. హెచ్చరిక అసలు పని అదే. తేదీలు కట్టినవాళ్ళ సంగతి తెలిసిందే. అమెరికాలో విలియం మిల్లర్ మాట నమ్మి 1844 అక్టోబరు 22న వేలమంది ఎదురుచూశారు, మర్నాడు మామూలుగానే తెల్లారింది. ఆ రోజు ఎవరికీ తెలియదని మత్తయి 24లో స్పష్టంగానే ఉంది మరి.

ఇదంతా చెబితే పెద్దమ్మ మాట్లాడలేదు. కళ్ళజోడు పెట్టుకుని 13, 14 అధ్యాయాలు తనే చదువుకుంది. సాయంత్రం పిలిచి, "ఇక్కడ కుడి చెయ్యి అనుంది. సూది ఎడమ చేతికి గదా వేసేది?" అంది. ఇదీ సరైన పద్ధతి కాదు, కానీ ఆ రోజు నేను వాదించలేదు :-) మర్నాడే వేయించుకుంది.

ఆ ప్రసంగం చేసినాయనకి ఇందులో పోయేదేం లేదు. రేపు ఇంకో మృగాన్ని చూపిస్తాడు. ప్రాణం మీదికి తెచ్చుకునేది మా పెద్దమ్మలాంటి వాళ్ళే. కాబట్టి ఈసారి అలాంటిది ఫోన్లో వస్తే, పక్కవాళ్ళకి పంపే ముందు ఆ అధ్యాయం మొత్తం ఒకసారి చదవండి. అంతకన్నా నేను అడిగేదేం లేదు.