ఊరికీ వాడకీ మధ్య దూరాన్ని లెక్కకట్టేదెవరు?

పోయిన నెలలో ఎం.ఏ. చదువుతున్న ఒక అమ్మాయి నా గదికి వచ్చింది. "సార్, అర్బన్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నా. ఇంట్లోవాళ్లు గ్రూప్స్ రాయమంటున్నారు. ఈ సబ్జెక్టులో ఉద్యోగం వస్తుందా?" అని అడిగింది. వాళ్లింట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి ఆమే. పట్టణ, ప్రాంతీయ అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతుకుతున్న నేను ఆ రోజు సూటిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

ఏ పని ఎక్కడ జరుగుతుంది, ఎవరు ఎక్కడ ఉంటారు, ఒకచోట నేల ధర ఎక్కువై మరోచోట తక్కువ ఎందుకవుతుంది, ఒక ప్రాంతం ఎదుగుతుంటే పక్క ప్రాంతం ఎందుకు వెనకబడుతుంది? మా శాస్త్రం అడిగే ప్రశ్నలివి. 1964లో విలియం అలోన్సో పుస్తకం వచ్చినప్పటి నుంచి క్లాసులో ముందుగా చెప్పేది ఒకే నమూనా. నగర కేంద్రానికి దూరం పెరిగేకొద్దీ అద్దె తగ్గుతుంది. మనిషి ప్రయాణ ఖర్చునూ అద్దెనూ బేరీజు వేసుకుని ఇల్లు ఎంచుకుంటాడు. బోర్డు మీద ఆ గీత గీసిన ప్రతిసారీ నాకు మా వాడ గుర్తొస్తుంది. అది ఊరికి రెండు ఫర్లాంగుల దూరం. ఆ దూరాన్ని మా తాత బేరీజు వేసుకుని ఎంచుకోలేదు.

అది పల్లె సంగతి, నగరంలో కులం కరిగిపోతుందంటారు. 2001 జనాభా లెక్కల్లోని వార్డు వివరాలతో త్రినా విథయాథిల్, గాయత్రి సింగ్ ఏడు పెద్ద నగరాలను పరిశీలించారు. వాటిలో హైదరాబాద్ ఒకటి. ఆదాయ, హోదాల తేడాల కంటే కులమే మనుషుల్ని ఎక్కువగా వేరుచేస్తోందని 2012లో తేల్చారు. ఢిల్లీ పరిసరాల్లో అద్దె ఇళ్ల కోసం దళితులు, ముస్లింలు ఎలా తిరస్కారానికి గురవుతున్నారో సుఖదేవ్ థోరట్ బృందం 2015లో చూపించింది. పాఠ్యపుస్తకం మాత్రం ఇంకా ప్రయాణ ఖర్చు దగ్గరే ఆగి ఉంది.

ఈ ప్రశ్నలు మనకు కొత్తవేమీ కావు. 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో బాబాసాహెబ్, నేల మీద బరువు తగ్గాలంటే పరిశ్రమలు రావాలన్నారు. 1925లో రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాల మీద, 1955లో భాషా రాష్ట్రాల మీద పుస్తకాలు వేశారు. ఇవన్నీ ప్రాంతాల అర్థశాస్త్రమే. ఆయన్ను రాజ్యాంగానికే పరిమితం చేసి మనమే ఆ వారసత్వాన్ని వదిలేశాం. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ఆయన అర్థశాస్త్రం బోధిస్తున్న రోజుల్లో, అధ్యాపకుల గదిలో ఆయన నీళ్లు తాగడం తోటివాళ్లకు నచ్చలేదని జీవితచరిత్రలు చెబుతాయి. కుండకూ మనిషికీ మధ్య దూరం కూడా కులం కొలిచిందే.

ఇక ఉద్యోగం సంగతి. మన విశ్వవిద్యాలయాల్లో ఈ శాస్త్రానికి విడి శాఖ అరుదు. ఎకనామిక్స్‌లో ఒక ఐచ్ఛిక పేపరు, దానికి ఒకరో ఇద్దరో అధ్యాపకులు. 2018 మార్చిలో యూజీసీ శాఖనే యూనిట్‌గా తీసుకోమంది. ఆ 13 పాయింట్ల రోస్టర్‌లో ఎస్సీకి మొదటి వంతు ఏడో పోస్టు, ఎస్టీకి పద్నాలుగోది. ఐదుగురున్న శాఖలో ఏడో వంతు వచ్చేసరికి ఒక తరం రిటైరవుతుంది. దేశమంతా వీధుల్లోకి వచ్చాక, 2019లో కేంద్ర విద్యాసంస్థలకు సంస్థనే యూనిట్‌గా చేస్తూ చట్టం వచ్చింది. రోస్టర్ మారింది కానీ ఇంటర్వ్యూ గది మారలేదు.

ఆ గది నాకు తెలుసు. ఒక ఎస్సీ రిజర్వుడు పోస్టుకు వెళ్లాను. నా థీసిస్ అద్దె ఇళ్లలో కులం గురించి. "ఇది సోషియాలజీ కదండీ, ఇందులో ఎకనామిక్స్ ఎక్కడుంది?" అన్నారొకరు. ఫలితం: తగిన అభ్యర్థి దొరకలేదు. మరుసటి ఏడాది మరోచోట, కులం మాటే లేని భూమి ధరల పేపరు చూపించాను. ఉద్యోగం వచ్చింది. దాన్ని విజయంగా చెప్పుకోలేను. ఆ తర్వాత ఆరేళ్లపాటు కులం మీద ఒక్క పేపరూ రాయలేదు. మన అధ్యాపకుల సంఖ్య పెరిగినా జ్ఞానం మారకపోవడానికి ఈ భయమూ ఒక కారణం.

అందుకే, తగిన అభ్యర్థి లేరని రాసే కమిటీ ఎందుకు లేరో కారణాలు కూడా రాసి బయటపెట్టాలి. కమిటీల్లో కూర్చునే మనవాళ్లు మౌనంగా సంతకం పెట్టకుండా అసమ్మతి నమోదు చేయాలి. సిలబస్‌లో అద్దె నమూనా పక్కనే వెలివాడ కూడా ఉండాలి.

వచ్చే జనగణనలో కులం వివరాలు సేకరిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఆ లెక్కలు వచ్చాక, ఏ కులం ఏ వీధిలో ఉంది, ఆ వీధికి నీళ్లు, బడి, బస్సు ఎంత దూరమో చదవగలిగినవాళ్లు కావాలి. మనం చదవకపోతే మరొకరు చదివి, అదంతా ఆదాయాల తేడాయే అని రాసేస్తారు.

కాబట్టి అమ్మా, ఉద్యోగం తప్పకుండా వస్తుందని నేను మాట ఇవ్వలేను. గ్రూప్స్ రాయడం తప్పు కాదు, రాయి. కానీ ఈ చదువులోకి వస్తే గణాంకాలు, మ్యాపులు గట్టిగా నేర్చుకునే రా. "ఇందులో ఎకనామిక్స్ ఎక్కడుంది?" అని నిన్నూ అడుగుతారు. నాలా పేపరు మార్చుకోకు. ఆ రోజు ఆ బల్లకు అవతలి వైపు నేనుంటే, నోరు విప్పుతానని మాత్రం మాట ఇస్తున్నాను.