అరికాళ్లు లేని ఆట
చాలా గోల్ఫ్ వీడియో గేముల్లో బంతి రంధ్రం చుట్టూ ఉండే గ్రీన్ మీదికి చేరగానే గళ్ల వల పరుచుకుంటుంది; వాలు ఎటుంటే అటు చుక్కలు పాకుతాయి. అగస్టా నేషనల్ గోల్ఫ్ కోర్సును లేజర్‌తో కొలిచి 2023లో ఈఏ స్పోర్ట్స్ పీజీఏ టూర్ అనే గేములో దించారు, సరే. 2005 మాస్టర్స్ టోర్నీలో పదహారో హోల్ దగ్గర టైగర్ వుడ్స్ రంధ్రానికి బాగా ఎడంగా బంతి వేసి, వాలు మీదుగా దొర్లించి పడేసిన గ్రీన్ అక్కడిదే. కానీ కొలతలు ఎంత నిక్కచ్చిగా ఉన్నా, వాలును కళ్లు సగమే చదువుతాయి. మిగతాది అరికాళ్లు చెప్పాలి. సోఫాలో కూర్చున్నవాడికి ఆ సాయం లేదు కాబట్టి చుక్కల ఊతకర్ర. దాంతో ఆట మరీ తేలికైందని గ్రీన్ మీద బంతి దొర్లే వేగం పెంచేస్తారు, అదే కష్టమంటారు! నన్నడిగితే వేగం తగ్గించండి, చుక్కలు తీసేయండి, కెమెరాను నేలకు ఆనించి బంతి చుట్టూ తిరగనివ్వండి. తప్పు చదివి మూడు పుట్‌లు కొడితే కొడతాం.