చీటీలు పారేయొద్దు, అవే మన సాక్ష్యం



ఆసుపత్రిలో మనోళ్ళని ముందుగా అడిగేది ఒకటే: "పాత చీటీలేవి?" చూరులో పెట్టింది వానకి తడిసిపోయి ఉంటుంది, కొంగున ముడేసింది చిరిగిపోయి ఉంటుంది. అంతే, తప్పు మనదైపోతుంది. "మీవాళ్ళకి శ్రద్ధ లేదు" అనేస్తారు.

మా హాస్టల్లో సికిల్‌సెల్ ఉన్న ఒక తమ్ముడున్నాడు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డంపడితే వచ్చే నొప్పి వాడిది. అయినా "బడి ఎగ్గొట్టే వేషాలు" అన్నారు. మూడు ఆసుపత్రులు తిప్పాం. మూడుచోట్లా నొప్పి సూది వేసి పంపేశారు. ఏడాది కింద చేసిన రక్తపరీక్ష రిపోర్టు ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

అప్పుడు ఒక నోటుబుక్కు కొని రాయడం మొదలుపెట్టాం. ఐదు నెలల్లో నొప్పి ఏడుసార్లు, రక్తం ఎక్కించింది రెండుసార్లు, హైడ్రాక్సీయూరియా కోసం వెళ్తే "స్టాకు లేదు" అన్నది నాలుగుసార్లు. ఆ బుక్కు పట్టుకుని ఐటీడీఏ గ్రీవెన్సుకి వెళ్ళాం. "ఎప్పుడో ఒకసారి లేకపోయి ఉంటుందిలే" అన్న అధికారి, తేదీలు చూశాక ఆ మాట మళ్ళీ అనలేదు. ఇప్పుడు మందు నెలనెలా వస్తోంది.

"రాయడం ఆసుపత్రి పని కదా, మనకెందుకు?" అని కొందరు అన్నలు అడుగుతున్నారు. నిజమే, వాళ్ళ పనే. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలే చెప్తున్నాయి. 2023 జులైలో కేంద్రం సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించి, 2047 కల్లా వ్యాధిని లేకుండా చేస్తామంది. మంచిదే. కానీ మందు దొరక్క మన తమ్ముడు ఒట్టిచేతులతో తిరిగొచ్చిన రోజు ఏ లెక్కలో ఉంది? మనం రాస్తేనే ఉంటుంది. మనం రాసేది వాళ్ళ పని మన నెత్తిన వేసుకోడానికి కాదు, ఆ పనికి లెక్క అడగడానికి.

పోటీ పరీక్షలకి రాత్రింబవళ్ళు నోట్సు రాస్తాం కదా, అమ్మ ఏ మందు మింగుతుందో రాయలేమా? ఈ సెలవులకి ఊరెళ్ళినప్పుడు జబ్బు మనిషున్న ప్రతి ఇంట్లో ఒక బుక్కు పెట్టించండి. తేదీ, ఎక్కడ నొప్పి, ఎవరు చూశారు, ఏం ఇచ్చారు, ఏది లేదన్నారు, అన్నీ రాయండి. ప్రతి చీటీ ఫోన్లో ఫొటో తీయండి. మందు లేదంటే ఆ ముక్క చీటీ మీదే రాసిమ్మని అడగండి. ఒకటి మాత్రం మర్చిపోకండి: బుక్కు రోగి దగ్గరే ఉండాలి. పేర్లు, రిపోర్టులు గ్రూపుల్లో పెట్టొద్దు. రోగం పేరు చెప్పి పెళ్ళి సంబంధాలు చెడగొట్టేవాళ్ళు మనలోనూ ఉన్నారు.

జై ఆదివాసీ!